గిన్నెలు బోర్లించిన అరవై ఒక్క రోజులు

అయినా పడటం అబద్ధం కాదు. గెలుపు అబద్ధం, కోపం అబద్ధం, ఆ తిట్లూ శపథాలూ ముందే ఎవరో రాసిచ్చినవి, అన్నీ ఒప్పుకుంటాను. కానీ నూట పది కిలోల మనిషి ఆరడుగుల ఎత్తు నుంచి వెల్లకిలా పడ్డప్పుడు ఆ వీపుకి కథ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా నేను రెజ్లింగ్ చూస్తున్నది ఈ ఒక్కదాని కోసమేనేమో. పడ్డవాడు లేస్తాడా లేడా అన్న ఆ రెండు క్షణాల భయం కోసం. లేస్తాడని ముందే తెలుసు కాబట్టి హాయిగా పడగలిగిన భయం అది. మా ఇంట్లో ఉండే భయం అలాంటిది కాదు.

మా ఇల్లు బందరు చివర, గిలకలదిండిలో. అన్నయ్య బాలాజీ మరబోటు మీద వేటకి వెళ్తాడు. వెళ్తే వారం, పది రోజులు. ఆ రోజులన్నీ అమ్మ పడుకోదు, గోడకి ఆనుకుని కునుకు తీస్తుంది. బోటు నీళ్ళ మీద ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో గిన్నె బోర్లించకూడదు. తోమినదాన్ని తుడిచి నోరు పైకి ఉండేలా పెట్టాలి. ఎందుకని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. చెప్పటానికి కూడా ఆవిడకి భయం. బోర్లా పడ్డ గిన్నెని చూస్తే ఏం గుర్తొస్తుందో మాకు తెలుసు. డిగ్రీ చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను పరధ్యానంగా గ్లాసు బోర్లించాను. ముందుగదిలో కళ్ళు మూసుకుని ఉన్న మనిషి ఆ చప్పుడుకే లేచి వచ్చింది. గ్లాసు తిప్పి పెట్టి, దాని మూతి మీద అరచెయ్యి ఉంచి కాసేపు అలాగే నిలబడింది. అన్నయ్య కూడా అంతే. దేనికీ భయపడడు గానీ అమ్మ వద్దన్న రోజు బోటెక్కడు. బోటు యజమాని ఎన్ని తిట్టినా ఎక్కడు.

ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపేస్తుంది. ఆ అరవై ఒక్క రోజులూ అమ్మవి. మొదటి రోజు పొద్దున్నే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమి వంటగది గట్టు మీద ధనధనా బోర్లిస్తుంది. ఇక చాప పరుచుకుని మధ్యాహ్నాలు మూడేసి గంటలు నిద్రపోతుంది. నోరు కొద్దిగా తెరుచుకుంటుంది. అలా పడుకున్నప్పుడు మా అమ్మ రమణమ్మ ఎవరో పరాయి ఇంటి మనిషిలా, పదేళ్ళు చిన్నదానిలా ఉంటుంది.

మొన్నటి వేసవిలో ఆ నిద్రకి కాపలా కాసే పని నాకు పడింది.

నాకు ఈ రెజ్లింగ్ పిచ్చి అంటించింది అన్నయ్యే. నాకు తొమ్మిదేళ్ళు, వాడికి పన్నెండు. రెజ్లింగ్ వస్తాదుల కార్డులు ఉండేవి, ఒక్కోదాని మీద ఎత్తు, బరువు, ఛాతీ కొలత. వాడు పదహారేళ్ళకి బోటెక్కి అవన్నీ మర్చిపోయాడు. నాకు పోలేదు. జిల్లా కోర్టులో కాపీయిస్టుగా చేరాక కూడా అమెరికా ఆటలు వచ్చే మంగళవారం పొద్దున్నే లేచి, సౌండ్ తీసేసి, ఫోన్‌లో చూసి ఆఫీసుకి వెళ్తాను. ఒకసారి మా సెక్షన్‌లో తనూజ గారు నా ఫోన్‌లోకి తొంగి చూసింది.

"ఇదంతా డ్రామా కదండీ."

"డ్రామా అని తెలుసండీ."

"తెలిసీ ఎందుకు చూస్తున్నారు?"

ఫోన్ సొరుగులో పెట్టి ఫైలు తెరిచాను. మా ఇంట్లో మనుషులు వెళ్తే తిరిగొచ్చేదాకా తెలియదు, ఇందులో మాత్రం ముందే తెలుస్తుంది అని ఆవిడకి ఎలా చెప్పను.

వేట ఆగిన నాలుగో రోజు అన్నయ్య టీ గ్లాసు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు. అలేఖ్య వదిన పురిటికి నాగాయలంక వెళ్ళి ఉంది. వాడికి పొద్దు పోవటం లేదు.

"ఏమే దుర్గా, ఎట్టా పడతారే వాళ్ళు?"

"ఎవరు?"

"నీ వస్తాదులు. చెడ్డీలేసుకుని ఎగిరేవాళ్ళు."

"ఇప్పుడెందుకు నీకు?"

వాడు అమ్మ వినకుండా గొంతు తగ్గించాడు. గుడివాడలో వేసవి ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్ పక్కన భూషణం గారని ఒకాయన రింగ్ వేసి రెజ్లింగ్ ఆడిస్తున్నాడు. అన్నయ్య చూసిపోదామని వెళ్తే వాడి భుజాలు చూసి ఆపాడట.

"ముసుగేసుకుని దెబ్బలు తింటావా అన్నాడే. నేను దుర్మార్గుణ్ణి. పేరు సొరచేప."

"మరి అమ్మకి?"

"నందివాడలో చేపల చెరువుల మీద పట్టుబడి పనికి వెళ్తన్నా అని చెప్తా. నువ్వు నోరెత్తమాక. అమ్మ పడుకునేది ఈ రెణ్ణెల్లే. చెడగొట్టమాక."

నేను వద్దనాలి. అనలేదు. గుండె గబగబా కొట్టుకుంది. అది భయమేనని ఆ పూట అనుకున్నాను. ఒక్క భయానికే అంత వేగం రాదని తర్వాత తెలిసింది.

ఒడ్డుకి లాగి పెట్టిన బోట్ల వెనక, ఇసుకలో పాత వలలు పరిచి, వారం రోజులు సాయంత్రాలు వాడికి పడటం నేర్పాను. "గడ్డం గుండెకి ఆనించు. మెడ వదిలేశావో, తల నేలకి తగుల్తుంది. రెండు చేతులూ ఒకేసారి చాచి నేలని కొట్టు. ఊపిరి బిగపట్టమాక." ఇవన్నీ నాకు ఎలా తెలుసు. చూసి తెలుసు. ఇరవై రెండేళ్ళు చూసినదాన్ని కాబట్టి పాఠంలా వచ్చేశాయి.

"నువ్వోసారి పడి చూపించవే."

"నేనా?"

"చూట్టమే గానీ పడ్డం రాదన్నమాట మా పంతులమ్మకి."

వాడు నవ్వుతూ ఇసుకలో వెల్లకిలా పడ్డాడు. ఇసుక మెత్తగా ఒదిగింది. బాగానే పడ్డావన్నాను. ఇసుక ఒదిగినట్టు రింగు చెక్క ఒదగదన్న ముక్క నాకు తట్టలేదు.

చివరి రోజున ఒక గుర్తు కూడా నేర్పాను. టీవీల్లో రెజ్లింగ్ ఆడించే పెద్ద కంపెనీల్లో ఆటగాడికి నిజంగా దెబ్బ తగిలితే రిఫరీ రెండు చేతులూ పైకెత్తి ఇంటూ మార్కులా అడ్డం పెడతాడు. అది చూసి లోపలున్నవాళ్ళు పరిగెత్తుకొస్తారు. భూషణం గారి రింగులో రిఫరీ ఎల్లయ్య. పగలు జెయింట్ వీల్ దగ్గర టికెట్లు చింపుతాడు, సాయంత్రం చారల చొక్కా వేసుకుంటాడు. అతనికి ఈ సంగతులేం తెలుస్తాయి.

"అందుకని నువ్వే పెట్టు. ఛాతీ మీద రెండు చేతులూ ఇట్లా. నేను చూస్తాను. ఆట ఆపిస్తాను."

"ఖచ్చితంగా?"

"నేను కాకపోతే ఇంకెవరు చూస్తారు?"

మొదటి శనివారం రైలెక్కి గుడివాడ వెళ్ళాను. సాయంత్రం ఆరింటికి ఆట. రేకుల కంచె లోపల బల్లల మీద ఎనిమిది వందలమంది. నల్లముసుగు, నల్లబనీను వేసుకుని అన్నయ్య రాగానే ఈలలు, బూతులు. నా పక్కన ఒక ముసలావిడ మిరపకాయ బజ్జీ తింటూ "వీణ్ణి కింద పడేసి తొక్కండర్రా" అంది. చాలా మామూలుగా, కూరలో ఉప్పు చాలలేదన్నట్టు అంది. ఎదురుగా హీరో, గుడివాడ జిమ్ములో శిక్షణ ఇచ్చే గిరిధర్. అతను అన్నయ్యని ఎత్తి పడేశాడు. చెక్కల చప్పుడు నా పళ్ళల్లోకి వచ్చింది. జనం "ఒకటి, రెండు" అని లెక్కపెట్టారు. మూడు అనేలోగా భుజం లేపకపోతే ఓడినట్టే. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. మూడు అనకముందే అన్నయ్య భుజం లేపాడు. నా లోపల ఏదో ఒక్కసారిగా వెలిగింది. ఫోన్‌లో ఎప్పుడూ అంత వెలగలేదు.

ఆట అయ్యాక డేరా వెనక వాడు చెమటతో మెరిసిపోతూ సోడా తాగుతున్నాడు.

"సముద్రం మీద పది రోజులుంటే నన్ను చూట్టానికి కాకి కూడా రాదే. ఇక్కడ ఎనిమిది వందలమంది నన్ను చంపెయ్యమంటన్నారు."

ఆ మాట అన్నప్పుడు వాడి మొహంలో ఉన్న సంతోషాన్ని నేను అంతకుముందు చూడలేదు. వదిన మెడలో తాళి కట్టినప్పుడు కూడా.

మూడు వారాలు అలా గడిచాయి. ఆట రోజూ ఉండేది, నేను గుడివాడ వెళ్ళేది శని, ఆదివారాలే. మిగతా రోజుల్లో సాయంత్రం ఆరు కాగానే, కోర్టు నుంచి వస్తూ ఎక్కడున్నా అక్కడే నా చేతులు చల్లబడేవి. ఇంటికి వస్తే అమ్మ నిద్రలేచి జడ వేసుకుంటూ ఉండేది. "అన్నయ్య ఈపాటికి చెరువు గట్టు మీద అన్నం తింటా ఉంటాడు" అనేది. అవునమ్మా అనేదాన్ని. మా ఇంట్లో భయం ఎప్పుడూ అమ్మది. ఆ వేసవి అది చేతులు మారింది. అమ్మ ఇన్నేళ్ళూ ఎలా మోసిందో అర్థమై, ఆవిడ మొహం చూడలేకపోయేదాన్ని.

మే మూడో ఆదివారం. గిరిధర్ అన్నయ్యని భుజాల పైదాకా ఎత్తాడు. అప్పటికి చాలాసార్లు ఎత్తినట్టే. ఈసారి ఎత్తినప్పుడు చెమటకి వాడి నడుము గిరిధర్ చేతుల్లోంచి జారింది. పక్కకి తిరిగి పడ్డాడు. గడ్డం ఆనించాడు, కానీ ఆలస్యంగా.

పడ్డవాడు కాసేపు కదల్లేదు. తర్వాత రెండు మోచేతులూ మెల్లగా లేచి, ఛాతీ మీద ఒకదాని మీద ఒకటి వంకరగా పడ్డాయి.

ఇంటూ మార్కు.

చూశాను. మూడో వరసలో, అడ్డంగా ఎవరూ లేకుండా, స్పష్టంగా చూశాను. చూసి ఏమనుకున్నానో కూడా నాకు అక్షరం అక్షరం గుర్తుంది. 'అబ్బ, ఏం తెలివి' అనుకున్నాను. ఎందుకంటే పెద్ద కంపెనీలు ఆ గుర్తుని కూడా కథలో వాడుకుంటాయి. నిజమని నమ్మించటానికి అబద్ధంగా ఆ గుర్తు పెడతారు. మామూలు ప్రేక్షకులకి తెలియదు, నాలాంటి ముదురువాళ్ళకి తెలుసు. అన్నయ్య నా పాఠాన్ని ఆటలో కలిపేశాడని, నాకోసమే కలిపాడని మురిసిపోయాను.

జనం లెక్క మొదలెట్టారు. నేను కూడా లెక్కపెట్టాను. పైకే.

మూడు అయింది. గంట కొట్టారు. ఎల్లయ్య వాడి చెయ్యి ఎత్తి వదిలాడు, అది పడింది. జనం నవ్వారు. అప్పుడు నేను వాడి పొట్ట వంక చూశాను. చిన్నప్పుడు చచ్చిపోయినట్టు నటించే ఆటలో అన్నయ్య ఎప్పుడూ ఓడిపోయేవాడు, నవ్వు ఆపుకోలేక పొట్ట వణికేది. ఇప్పుడా పొట్ట వణకటం లేదు. అయినా నేను లేవలేదు. లేస్తే అది నిజమైపోతుందనిపించింది. కూర్చున్నంతసేపూ అది ఆటే. గిరిధర్ మోకాళ్ళ మీద కూర్చుని వాడి చెవిలో ఏదో అడిగి, తల ఎత్తినప్పుడు అతని మొహంలో హీరో లేడు. అది చూశాక లేచాను.

డేరా వెనక నవారు మంచం మీద వాణ్ణి పడుకోబెట్టారు. భూషణం గారు చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడ్డాడు గానీ ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు.

"దుర్గా, నా చేతులు ఎక్కడున్నయ్యే?" అన్నాడు అన్నయ్య. చాలా నెమ్మదిగా, గొడుగు ఎక్కడ పెట్టావని అడిగినట్టు.

నేను వాటిని నా చేతుల్లో పట్టుకునే ఉన్నాను. వాడికి తెలియలేదు.

ఇరవై నిమిషాలకి తిమ్మిరి దిగటం మొదలైంది. ముందు కుడిచెయ్యి వచ్చింది, తర్వాత ఎడమది. ఎడమ చేతిలో చివరి రెండు వేళ్ళు రాలేదు. గుడివాడలోనే డాక్టరు ఎక్స్‌రే తీయించి, మెడలో నరం నలిగిందన్నాడు. మెడకి పట్టీ వేసి, ఆరు వారాలు తియ్యొద్దన్నాడు. ఇంకోసారి ఇలా పడితే చేతులు తిరిగి వస్తాయని తను చెప్పలేనన్నాడు.

బయటికి వచ్చాక బస్టాండులో అన్నయ్య అడిగాడు.

"గుర్తు పెట్టానే. చూళ్ళేదా?"

"ముందు ఒకాయన లేచి నిలబడ్డాడు. కనపళ్ళేదు."

"పోన్లే," అన్నాడు. నమ్మాడు.

మా వీధి మొగలో వాడు మెడపట్టీ తీసి సంచిలో దాచేవాడు. టీ గ్లాసు కుడిచేత్తోనే పట్టుకునేవాడు. అమ్మ రెండు రోజులు గమనించింది.

"ఆ చెయ్యేంట్రా?"

"వల లాగితే పట్టేసిందమ్మా."

"వల లాగితే భుజం పట్టుద్ది గానీ వేళ్ళు పడతయ్యా?"

వాడేదో చెప్పి నవ్వించాడు. అమ్మ ఆవలించి చాప పరుచుకుంది. మామూలు రోజుల్లో అయితే ఆవిడ ఆ జవాబుతో వదిలేది కాదు. ఆ నిద్ర ఆవిడని మొద్దుబరిచింది, ఆ నిద్రని కాపాడుతున్నది నేను.

మే చివర్లో వదినకి ఆడపిల్ల పుట్టింది. అన్నయ్య నాగాయలంక వెళ్ళి ఒక పూట ఉండి వచ్చాడు. మర్నాడు వదిన నాకు ఫోన్ చేసింది.

"ఏం దుర్గా, మీ అన్నయ్య మగపిల్లాడు కావాలనుకున్నాడా?"

"లేదు వదినా, అదేం మాట?"

"పిల్లని ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. నిద్రపోతంది, లేపటం ఎందుకులే అన్నాడు. అది కళ్ళు తెరుచుకుని చూస్తానే ఉంది."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నా రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

అప్పటికి మైకుల్లో ఊరూరా చెప్తున్నారు. జూన్ మొదటి ఆదివారం చివరి ఆట. సొరచేప ఓడితే ముసుగు తీస్తాడు. శుక్రవారం సెలవు పెట్టి భూషణం గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మెడ బాగాలేదండీ వాడికి."

"నేనూ అడిగానమ్మా. బాగయిందన్నాడు. రానని వాణ్ణి ఒక్క మాట చెప్పమను, ఆ ముసుగు ఇంకొకడికి తొడుగుతాను. రావద్దని నేనంటే ఏడుస్తాడు. మొన్న అన్నాను, ఏడ్చాడు."

ఆయన మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.

శనివారం సాయంత్రం బోట్ల దగ్గర అన్నయ్యని పట్టుకున్నాను.

"రేపు వెళ్ళమాక."

"ఒక్క ఆటే దుర్గా. ముసుగు తీశాక నా మొహం చూస్తారు. అంతే, దిగిపోతా. మళ్ళీ ఎటూ బోటే కదా."

"ముసుగు తీసేముందు పడాలిగా."

"పడతా. నువ్వు నేర్పినట్టే పడతా." ఇసుకలో చతికిలబడి, "ఈసారి మాత్రం ముందు వరసలో కూర్చోవే. ఎవరూ అడ్డం రాకుండా," అన్నాడు.

ఏదో అనబోయాను. చూశానని చెప్పాలి. చూసి, లెక్కపెట్టానని చెప్పాలి. వాడు ఎడమచేత్తో ఇసుక తీసుకుని వేళ్ళ సందుల్లోంచి జార్చుతున్నాడు. చివరి రెండు వేళ్ళ మీద నిలిచిన ఇసుక వాడికి తెలియటం లేదు.

ఆదివారం మధ్యాహ్నం. నాలుగున్నర బస్సు. అన్నయ్య వాకిట్లో సంచి సర్దుకుంటున్నాడు. అమ్మ ముందుగదిలో చాప మీద నిద్రపోతోంది, నోరు కొద్దిగా తెరుచుకుని, పదేళ్ళు చిన్నదానిలా. నాలుగింటికి లేస్తుంది. లేచి వాడు బయల్దేరేముందు టీ పెట్టటానికి వంటగదిలోకి వస్తుంది. నందివాడ చెరువుల మీదికి వెళ్ళే కొడుక్కి.

నేను బట్టలు మార్చుకునే ఉన్నాను. ఇది దాచకూడదు. మంచి చీర కట్టుకున్నాను, జడ వేసుకున్నాను, బస్సు చార్జీకి చిల్లర చేతిలో పెట్టుకున్నాను. వారం రోజులు నిద్ర లేకుండా భయపడ్డ మనిషే ఆ చీర తీసి ఇస్త్రీ చేసింది. వాడు పడకూడదని మొక్కుకుంటున్నది నేనే. వాడు పడి, ముసుగు తీసి, ఎనిమిది వందలమంది ఒక్కసారిగా నోరు మూసుకునే ఆ క్షణం కోసం ఎదురుచూస్తున్నదీ నేనే. ఆ ఇద్దరిలో ఎవరు నన్ను ముందు వరసలో కూర్చోబెడతారో, కూర్చోబెట్టి మళ్ళీ ఏం లెక్కపెట్టిస్తారో నాకు తెలుసు.

గడియారం చూశాను. నాలుగుకి ఐదు నిమిషాలు. మంచినీళ్ళకని వంటగదిలోకి వెళ్ళాను.

గట్టు మీద గిన్నెలన్నీ వరసగా బోర్లా ఉన్నాయి. వేట మొదలవటానికి ఇంకా వారం ఉంది. వాటిని అలాగే వదిలేస్తే అమ్మ లేస్తుంది, టీ పెడుతుంది, వాడు తాగి వెళ్తాడు. అమ్మ రెజ్లింగ్ చూడదు. గుర్తు కనబడితే అది నిజమా కథా అని ఆలోచించదు.

టీ గిన్నె తీసుకుని కొంగుతో తుడిచి, నోరు పైకి పెట్టాను. తర్వాత గ్లాసులు, ఒకటి, రెండు, మూడు. తర్వాత పప్పు గిన్నె. చప్పుడు కాకుండా పెట్టాలని చూడలేదు. వాకిట్లోంచి అన్నయ్య "దుర్గా, అయిందా?" అని పిలిచాడు.

చివరికి అన్నం వండే పెద్ద గిన్నె మిగిలింది. ముందుగదిలో చాప కదిలింది. రెండు చేతులతో ఆ గిన్నెని ఎత్తి, తిప్పి, గట్టు మీద గట్టిగా పెట్టాను.